ఆపా విరిచిన వరుసలు

మా కోడలు పొద్దున్నే చాయ్ కప్పు పక్కన పెట్టుకుని, హాల్లో కిటికీ దగ్గరున్న బల్ల మీద ఆఫీసు తెరుస్తుంది. ఆఫీసు తెరవడమంటే ఈ రోజుల్లో ఒళ్లో పట్టేంత కంప్యూటరు మూత పైకెత్తడమే కదా, మన కాలంలోలాగా తాళం తీసి, ఊడ్చి, గడప ముందు నీళ్లు చల్లి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించే తతంగమేమీ లేదు. మొన్న ఒకరోజు ఆమెకు ఉప్మా ప్లేటు అందించబోతూ ఊరికే తెర వైపు చూశాను. ఒకే రాత రెండు పక్కలా ఉంది, ఎడమ పక్క కొన్ని వరుసలు లేత ఎరుపులో, కుడి పక్క కొన్ని వరుసలు లేత ఆకుపచ్చలో. పాత ప్రతిని కొత్త ప్రతితో పోల్చి చూస్తున్నవా అని అడిగితే ఆమె చెంచా నోటి దగ్గరే ఆపి, "నీకెట్ల తెలుసత్తమ్మా?" అంది. పెళ్లికి ముందు నేనూ కొన్నాళ్లు ఈ పని చేశానని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు, నేను కూడా చెప్పలేదు. పొయ్యి మీద పప్పు పొంగుతోందని వంటింట్లోకి వచ్చేశాను గానీ, మంట తగ్గించి అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. ఎన్నేళ్లయిందో ఆపా గుర్తుకు వచ్చి.

అప్పటి సిద్దిపేట మన తరం వాళ్లకు కళ్లకు కట్టినట్టే ఉంటుంది. ఇప్పుడు జిల్లా కేంద్రమై, రోడ్ల మధ్య పూలమొక్కలూ దీపాలూ వచ్చి, కొత్తగా చూసేవాళ్లు నోరు తెరిచే ఊరయింది గానీ, తొంభైల మొదట్లో పాత బస్టాండు దగ్గర దిగితే దుమ్మూ, జామపండ్ల బుట్టలూ, బస్సు పేరు పిలిచే కండక్టర్ల గొంతులే ముందు పలకరించేవి. ఆ వీధిలోనే ఒక స్టీలు సామాన్ల దుకాణం పైన మా ఆఫీసు. కింద ఎవరైనా పెళ్లికి బిందెలు బేరం చేస్తుంటే పైన మాకు గంటలు మోగినట్టు వినిపించేది, పెళ్లిళ్ల కాలంలో అయితే చెవుల్లో దూది పెట్టుకుని పని చేసిన రోజులు కూడా ఉన్నాయి.

ఆఫీసు సారుది. హైదరాబాదులో పెద్ద కంపెనీలో పని చేసిన మనిషి, తల్లికి బాగుండడం లేదని అన్నీ వదులుకుని ఊరికి వచ్చేశారు. వస్తూ వస్తూ ఆ కంపెనీ వాళ్లు పాతదైపోయిందని అమ్మేస్తున్న కంప్యూటరును కొనుక్కుని, బొంతల్లో చుట్టి, వ్యానులో తెచ్చుకున్నారు. యూనిక్స్ మిషను అది. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు, బొమ్మలు లేవు, మౌసు లేదు, ఏం కావాలన్నా కీబోర్డు మీద ఆదేశం కొట్టి అడగాల్సిందే. దానికి రెండో తెర కూడా తగిలించుకోవచ్చని సారు ఎప్పుడూ అంటుండేవారు గానీ ఆ రెండో తెర ఎన్నడూ రాలేదు. అందుకని ఉన్న ఒక్క తెరను ఇద్దరం పంచుకున్నాం, పొద్దుట పూట నేను, మధ్యాహ్నం తరువాత ఆపా.

నాకు ఆ ఉద్యోగం ఎట్లా వచ్చిందంటే, డిగ్రీ అయ్యాక హైదరాబాదులో మా మేనత్త ఇంట్లో ఉండి ఒక ఏడాది కంప్యూటరు కోర్సు చేశాను, తిరిగి వచ్చాక సిద్దిపేటలో ఆ చదువుతో చేయగలిగిన పని ఆ ఒక్క మేడ మీదే ఉంది. బాపుది కిరాణా దుకాణం, ఆఫీసుకు నాలుగడుగుల దూరం, కాబట్టి పంపడానికి భయపడలేదు. నీ బిడ్డ ఏం పని చేస్తదని ఎవరైనా అడిగితే మాత్రం, పొట్లం కడుతూనే, "టీవీ లాంటిదాంట్ల రాస్తది. ఏం రాస్తదో నాకు తెల్వది, గని మస్తు రాస్తది" అనేవాడు. ఆ మాటలో గర్వం ఎంతుండేదో, ఆశ్చర్యం అంతే ఉండేది.

ఆపా పొద్దున ఒక బడిలో లెక్కలు చెప్పేది. నాకంటే చాలా పెద్దది, నలభై దాటిన మనిషి. సారుకు చిన్నప్పుడు లెక్కలు నేర్పింది ఆమె తండ్రేనట, అందుకే సారు ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవారు, సారును చూసి నేనూ ఆపా అన్నాను, చివరికి కింద స్టీలు దుకాణం సేటు కూడా ఆపానే అన్నాడు. భర్త, అంటే మా భాయిసాబ్, రెండు గల్లీల అవతల రేడియోలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. ఆపా బడి అయిపోయాక ఇంటికి పోయి, ఇంత తిని, మా మెట్లెక్కి వచ్చేది. బురఖా మేకుకు తగిలించి, రుమాలుతో కీబోర్డు తుడిచి, కుర్చీ కొంచెం వెనక్కి లాక్కుని కూర్చునేది. నేను దిగిపోయే ముందు ఇద్దరం కలిసి ఒక చాయ్ తాగేవాళ్లం. మా సావాసానికి మిగిలిన సమయం అంతే. అయినా ఆమెను నేను ఎరిగినంతగా నా తోడబుట్టినవాళ్లను కూడా ఎరగనని అనిపించేది, దానికి కారణం ఆ మిషనులో సారు పెట్టించిన ఒక ఏర్పాటు.

మేం రాస్తున్నది ఊళ్లోని ఒక పిల్లల దవాఖాన కోసం. అక్కడి డాక్టరమ్మకు ఒకటే బాధ, చంటిపిల్లలకు ఒక సూది వేయించుకుని పోయిన తల్లులు రెండోదానికి రావడం మరిచిపోతారు. అక్కన్నపేట నుంచీ, ములుగు నుంచీ, ఇంకా లోపలి పల్లెల నుంచీ బస్సు పట్టుకుని వచ్చేవాళ్లు, వాళ్లకు తేదీ గుర్తుచేసేదెవరు? కాబట్టి ఏ బిడ్డకు ఏ సూది ఎప్పుడు పడాలో లెక్కగట్టి, పోస్టుకార్డుల మీద పేరూ ఊరూ తేదీ అచ్చు వేసే ప్రోగ్రాము కావాలన్నది ఆమె. చెప్పడానికి ఇంతే గానీ, బిడ్డకు జ్వరమొచ్చి ఒక సూది ఆలస్యమైతే తరువాతవన్నీ జరగాలి, కొన్ని జరగకూడదు, రెండింటి మధ్య ఇంత ఎడం ఉండి తీరాలి, ఇట్లా డాక్టరమ్మ చెప్పినకొద్దీ షరతులు పెరిగాయి, ప్రోగ్రామూ పెరిగింది.

ఒకే ప్రోగ్రామును ఇద్దరు రాస్తే ఒకరిది ఒకరు చెరిపేసుకోవచ్చు. అందుకు సారు హైదరాబాదులో నేర్చుకున్న పద్ధతి తెచ్చారు. ఫైలును బయటికి తీసుకునేటప్పుడు దానికి తాళం పడుతుంది, ఆ తాళం ఉన్నంతసేపు రెండోవాళ్లు ముట్టుకోలేరు. పని అయ్యాక లోపల పెట్టేస్తే, ఏం మార్చావో రెండు మాటల్లో రాయమని మిషను అడుగుతుంది, రాసి, కింద ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క పెడితే తీసుకుంటుంది. పాత ప్రతులు ఏవీ పోవు, అన్నీ దాని కడుపులోనే భద్రంగా ఉంటాయి. ఏ రెండింటినైనా పోల్చమని ఆదేశమిస్తే, కలిసిన వరుసల జోలికి పోకుండా తేడా పడినవి మాత్రమే చూపిస్తుంది, పాత వరుస ముందు ఒక బాణం గుర్తు, కొత్త వరుస ముందు దానికి ఎదురు తిరిగిన బాణం గుర్తు. రంగులు ఎక్కడివి, అంతా ఆ పచ్చటి అక్షరాలే.

పొద్దున వెళ్లగానే నా మొదటి పని ఆ పోలిక చూడడం. నిన్న మధ్యాహ్నం ఆపా ఎక్కడ ఏం మార్చిందో చూస్తే గానీ నా పని మొదలుపెట్టలేను. మధ్యాహ్నం ఆమెదీ అదే వరస. అట్లా చూసి చూసి ఆమె నడక నాకు తెలిసిపోయింది. నేను ఉరుకులు పెడుతూ రాసేదాన్ని, ఆమె పాయసంలో ఏలక్కాయ వేసినట్టు ఎక్కడో ఒకచోట ఒక్క మాట వేసేది, ప్రోగ్రాము నిలబడేది. నేను రాసింది తప్పయినా టక్కున కొట్టేసేది కాదు, పక్కన పెట్టి, ఎందుకు వద్దో రాసేది. ఆ రాతలు ఇంగ్లీషు అక్షరాల్లో, సగం తెలుగూ సగం దక్నీ ఉర్దూ కలిపి ఉండేవి. నెలల లెక్క నేను రాసినప్పుడు, "అచ్ఛా రాసినవ్ బేటీ, గని ఫిబ్రవరిని యాడ మర్చిపోయినవ్?" అని రాసింది. నేను ఒక్కదాన్నే తెర ముందు కూర్చుని నవ్వుకుంటే సారు తలుపు దగ్గర నిలబడి, ఈ పిల్లకేమైందన్నట్టు చూశారు.

రెండో ఏడు వానాకాలం పోయి చలి మొదలవుతుండగా ఆ పోలికలు మారాయి. ఎప్పుడూ నాలుగైదు వరుసలతో అయిపోయేది, తెర మీద ఆగకుండా పైకి పాకిపోవడం మొదలైంది. ఏమిటా అని చూస్తే ఆపా కొత్తగా రాసిందేమీ లేదు, ఉన్న పొడుగు వరుసలను రెండుగా, మూడుగా విరిచి కింద కింద పెడుతోంది. అర్థంలో తేడా లేదు, కానీ మిషనుకు అదేం తెలుసు, వరుస విరిగితే అది మార్పు కిందే లెక్క, అన్నింటినీ చూపించేది. అన్ని విరిగిన వరుసల మధ్య అసలు మార్పు ఎక్కడుందో వెతకడానికే నా పొద్దుటి పూట సగం పోయేది. సారుకూ విసుగొచ్చింది. చాయ్ తాగేటప్పుడు నా ముందరే, "మంచిగ పనిచేసేదాన్ని ఎందుకు కెలుకుతున్నవ్ ఆపా?" అన్నారు. ఆపా గ్లాసులోకి చూస్తూ, "పొట్టిగుంటే సాఫ్‌గ ఉంటది" అంది. ఎప్పుడూ సారును మాటకు మాట అనే మనిషి అంతటితో ఊరుకోవడం నాకు వింతగా తోచింది.

సంక్షేపంగా చెప్పాలంటే, ఆ తరువాత కొద్దిరోజులకు కార్డులు అచ్చయ్యాయి. అప్పటి ప్రింటర్ల చప్పుడు మీకు గుర్తే కదా, రేకు డబ్బాలో కందిరీగ పడ్డట్టు. కట్టలు కట్టి, పోస్టుకు తీసుకుపోవడానికి సంచిలో పెట్టి ఉన్నాయి. నేను మామూలుగా పోలిక చూస్తున్నాను. విరిచిన ఒక వరుస దగ్గర, పాత బాణం ఉన్నదాని చివర చిన్న షరతు ఉంది, ముందటి సూది ఆలస్యమై ఉంటే ఈ తేదీని కూడా అన్ని రోజులు జరపమని. కొత్త బాణం ఉన్న పొట్టి వరుసల్లో అది లేదు. మళ్లీ చదివాను. లేదు. ఆపా విరిచి తిరిగి టైపు చేసేటప్పుడు వరుస తోక తెగిపోయింది. అంటే సూది ఆలస్యమైన పిల్లలందరికీ తేదీ తప్పుగా అచ్చయింది. ఎక్కడో పల్లెలో ఒక తల్లి చంకలో బిడ్డతో బస్సెక్కి వచ్చి, ఇంకా సమయం కాలేదు పొమ్మంటే తిరిగిపోవాలి, లేదా వేయకూడని రోజున సూది పడిపోవాలి. మెట్ల దాకా పరిగెత్తి సారు చేతిలోని సంచి పట్టుకుని ఆపేశాను.

సారు మొత్తం విని, కుర్చీలో కూలబడ్డారు. కోపం కన్నా భయమే ఎక్కువగా కనిపించింది ఆయన మొహంలో.

"పసిపిల్లల పని గిది. తప్పు పోతే ఎట్ల?" అన్నారు. "ఆపాను ఇంక బడి వరకే చూసుకోమందాం. నాకు చెప్పబుద్ధి అయితలేదు గని, చెప్పాలె" అన్నారు.

ఇయ్యాల వద్దు సార్, ఇయ్యాల ఒక్కరోజు ఆగండని బతిమాలాను. ఎందుకు అడిగానో అప్పుడు నాకే స్పష్టంగా తెలియదు. ఫిబ్రవరిని మరవని మనిషి వరుస తోకను ఎట్లా మరిచిందన్నది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. సారు సరేనని, కార్డులు పక్కన పెట్టించి, డాక్టరమ్మకు చెప్పి రావడానికి వెళ్లారు. నేను ఆ మిషను కడుపులోంచి పాత ప్రతులు ఒక్కొక్కటే తీసి, ముందటి దానితో పోల్చుతూ వెనక్కి నడిచాను. వానాకాలానికి ముందు ఆపా చేతిలో ఒక్క అక్షరం పోలేదు. తరువాత ఒక చోట కామా, ఒక చోట బ్రాకెట్టు, ఆమే మరునాడు చూసుకుని దిద్దుకున్నవి, నేను అప్పుడు పట్టించుకోనివి. అన్నింటినీ వరసగా పెట్టి చూశాను. ఎడమ పక్క ఒక్క తప్పు లేదు. నడుమ లేదు. పోయినవన్నీ కుడి చివరే పోయాయి. విరిచిన ప్రతి వరుసా, తెర కుడి అంచు దాకా పాకిన వరుసే.

నేను తెర దగ్గర నుంచి లేచి, చెప్పులు వేసుకుని, ఆపా బడి నుంచి వచ్చే వేళకు వాళ్లింటికే పోయాను. ఆమె వాకిట్లో ఎండలో గోడకు ఆనుకుని కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. "అరె, నువ్వెట్ల వచ్చినవ్ గీ టైముకు?" అని నవ్వి పీట జరిపింది. నేను కూర్చున్నాను. చేటలోకి చూశాను. ఎడమ సగం ముత్యాల్లా ఉంది. కుడి సగంలో వడ్లగింజలూ మట్టిబెడ్డలూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, ఆమె మాత్రం ఏరడం అయిపోయినట్టు చేట పక్కన పెట్టబోయింది.

"ఆపా, గీ పక్క వడ్లు గట్లనే ఉన్నయి గదా" అన్నాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. చేటను మెల్లగా తిప్పి, తల వాల్చి చూసింది.

"కుడి పక్క కనవడ్తలేదా నీకు?"

"ఎవలు చెప్పిన్రు?"

"నువ్వే చెప్పినవ్. రోజు పొద్దుగాల చెప్తనే ఉన్నవ్, నాకే సమజ్ కాలేదు."

ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను గానీ, కొంగు తీసినప్పుడు కళ్లు పొడిగానే ఉన్నాయి. లోపల ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి చెప్పింది. "మా అమ్మీకి గిట్లనే అయింది బేటీ. ముందుగాల కత్తి పట్టొద్దన్నరు. ఆనక పొయ్యి కాడికి రావొద్దన్నరు. ఆఖరికి నడుముకున్న తాళంచెవుల గుత్తి గుంజుకున్నరు. కండ్లు పోయినందుకు ఏడ్వలే ఆమె. చేతుల పని పోయినందుకు ఏడ్సింది."

"దవాఖానకు తీస్కపోయిన్రా?"

"ముసలితనం అన్నరు. ముసలితనానికి దవాఖాన ఏంది? మూలకు కూసోవెట్టిన్రు." తరువాత చేటలోని గింజను ఒకదాన్ని వెతికి పట్టుకుని అవతల పారేసి, "చెప్తే సారు ఇంట్ల కూసోమంటడు. మీ భాయిసాబ్ గూడ కూసోమంటడు, ఆయన పాపం ప్రేమతోనే అంటడు. ఎట్లన్న కూసునుడే గదా" అంది.

సారు ఆ మాట అప్పటికే అనేశారని నేను చెప్పలేదు. ఆమె చెయ్యి పట్టుకుని లేవదీసి, భాయిసాబ్ దుకాణానికి నడిపించాను. ఆయన ఒక పాత రేడియో వీపు విప్పి, చిన్న గొంతుతో పాడిస్తూ ఏదో వెతుకుతున్నాడు. ఆపా నిలబడే చెప్పింది, రెండు ముక్కల్లో. ఆయన రేడియో కట్టేశాడు. చేతిలోని పట్టకారు కింద పెట్టి, తుడుచుకోవాల్సిందేమీ లేకపోయినా చేతులు తుడుచుకుని, "నాకు గూడ చెప్పకపోతివి" అన్నాడు. కోపం లేదు అందులో. తరువాత నా వైపు తిరిగి, "రేపు దుకాణం బంద్. పట్నం పోదాం. నువ్వు గూడ రావాలె బిడ్డా, డాక్టరు అడిగితే నాకు జవాబు చెప్పరాదు" అన్నాడు.

ముగ్గురం పొద్దుటి బస్సుకు హైదరాబాదు పోయాం. కంటి దవాఖానలో ఆపాను ఒక గిన్నెలాంటి దాని ముందు కూర్చోబెట్టి, నడుమనున్న చుక్కనే చూస్తూ ఉండమని, పక్కన ఎక్కడ వెలుగు మెరిసినా చెప్పమన్నారు. గోడ పక్కన నిలబడి మేమిద్దరం వింటున్నాం. హా, హా, అని చెబుతూ పోయింది, మధ్యలో ఉన్నట్టుండి పెద్ద నిశ్శబ్దం, మళ్లీ హా. ఆ నిశ్శబ్దాలు వచ్చినప్పుడల్లా భాయిసాబ్ తన చెయ్యి తానే గట్టిగా పట్టుకునేవాడు.

డాక్టరు నెమ్మదస్తుడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయే జబ్బని, నీటికాసులంటారని, ఉర్దూలో కాలా మోతియా అంటారని విడమరిచి చెప్పాడు. కుడి కన్ను దాదాపు అయిపోయింది, అది తిరిగి రాదు. ఎడమ కంట్లో ముక్కు వైపు, అంటే కుడి పక్క, చూపు పోయింది, మిగిలింది మాత్రం నిలుపుకోవచ్చు, చుక్కల మందు బతికినన్నాళ్లూ మానకూడదు అన్నాడు. ఇంకొక ఏడాది ఆగి వచ్చి ఉంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే ఆపా తల్లి సంగతి చెప్పింది. ఆమెదీ ఇదే అయి ఉంటుంది, రక్తంలో వచ్చేదని డాక్టరు అనగానే, అప్పటిదాకా బండలా కూర్చున్న ఆపా వలవలా ఏడ్చేసింది. "అమ్మీది ముసలితనం గాదట. వింటున్నరా? ముసలితనం గాదట" అని భర్త చొక్కా పట్టుకుని మళ్లీ మళ్లీ అంది. తన కళ్ల గురించి ఆ రోజు ఒక్క మాట అనలేదు.

మరునాడు నేను సారుకు అంతా చెప్పాను. పోయిన తోకలన్నీ తెర మీద చూపించాను. ఆయన ఒక్కొక్కటీ చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరికి పోయి వీధిలోకి చూస్తూ నిలబడ్డారు. కింద ఎవరో బిందెలు కొట్టి చూస్తున్నారు. "వాళ్ల నాయిన నాకు లెక్కలు చెప్పకపోతే నేను గీ మిషన్ మొఖం గూడ చూడకపోదును" అన్నారు చివరికి, నాతో కాదు, వీధితోనే అన్నట్టు. నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఫైలుకు తాళం ఆయనే వేసుకున్నారు. ఆ రోజంతా ఆయన భోజనానికి కూడా దిగలేదని సేటు తరువాత చెప్పాడు.

తెల్లవారి పొద్దున వెళ్లి, అలవాటు ప్రకారం పోలిక అడిగాను. వరుసల వెనుక వరుసలు, ఆపా విరిచింది దాని ముందు ఏ మూలకూ రాదు. సారు ప్రోగ్రాము మొత్తంలో, మొదటి నుంచి చివరి దాకా, ఒక్క వరుస కూడా తెర సగం దాటకుండా తానే కూర్చుని విరిచారు. ఊడిన షరతును తిరిగి కలిపారు. ఏం మార్చారో చెప్పే చోట ఎన్నడూ ఏమీ రాయని మనిషి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు. అర్థం మారలేదు, వరుసలు పొట్టివైనయి, ఇక ముందు ఈ ఆఫీసుల ఎవలైనా ఇంతే పొడుగు రాయాలె, అని. నేను నాకు వచ్చిన పద్ధతిలో, ఒక్క అక్షరమైనా పోయిందేమోనని ప్రతి వరుసా పోల్చి చూశాను. పోలేదు. కార్డులు తిరిగి అచ్చు వేసి ఆ రోజే పోస్టు చేశాం.

మధ్యాహ్నం ఆపా పని మానేస్తానని చెప్పడానికే వచ్చింది. బురఖా కూడా తీయలేదు. సారు ఆమెకు తెర చూపించి, అదేమీ వినపడనట్టు, "చుక్కల మందు ఏ టైముకు వేసుకోవాల్నో చెప్పు ఆపా, గా టైముకు మిషన్ కూత పెట్టేటట్టు రాద్దాం" అన్నారు. ఆపా తెర వైపు, తల కొంచెం కుడికి తిప్పి, పైనుంచి కింది దాకా చూసింది. చూసి చూసి, "నేనే రాస్త. మీరు రాస్తే ఫిబ్రవరిల కూత పెట్టదు" అంది. మేకు దగ్గరికి పోయి బురఖా తగిలించింది.

ఆ తరువాత ఆ ఆఫీసు నడిచినన్నాళ్లూ నేను మధ్యాహ్నం ఇంకాస్త సేపు ఉండిపోయేదాన్ని. తేడాలను నేను పైకి చదివేదాన్ని, ఆమె కళ్లు మూసుకుని వినేది. పాతది ఇది, కొత్తది ఇది అని చెబుతుంటే, కొన్నిసార్లు చూపు కన్నా చెవే ముందు పట్టుకునేది. సాయంత్రం చీకటి పడకముందే, ఆమెకు కనపడని కుడి పక్కన నడుస్తూ, ఇంటి దాకా దిగబెట్టి వచ్చేదాన్ని.

తరువాతి సంగతులు మీ అందరి ఇళ్లలో జరిగినట్టే జరిగాయి. బొమ్మలూ మౌసులూ ఉన్న కంప్యూటర్లు వచ్చాయి, దవాఖాన వాళ్లు తమదే కొనుక్కున్నారు, సారు తల్లి పోయాక ఆయన హైదరాబాదుకు తిరిగి వెళ్లారు, నాకు పెళ్లయింది, పిల్లలతో తీరిక లేకపోయింది. ఆపా మాత్రం బడిలో చివరి దాకా లెక్కలు చెప్పింది, బోర్డు మీద సగం వరకే రాస్తుందని పిల్లలు నవ్వేవాళ్లట. చుక్కల మందు మానలేదు. ఆమె పోయి కొన్నేళ్లయింది. పోయేనాటికి ఆ ఎడమ కన్ను, మిగిలినంత మేరకు, ఆమెకు చూపిస్తూనే ఉందని, ఇంటి తాళంచెవులు ఆమె దగ్గరే ఉండేవని వాళ్ల కోడలు చెప్పింది.

ఒక్క తెరే ఉండబట్టి ఆ రోజుల్లో ఒకరి తరువాత ఒకరం కూర్చోవలసి వచ్చేది, కూర్చోవలసి రాబట్టి ముందు కూర్చున్న మనిషి ఏం చేసి పోయిందో చదవవలసి వచ్చేది. ఇప్పుడు ఎవరి తెర వాళ్లదే. మా కోడలిని అడిగాను, ఆ ఎరుపు వరుస రాసింది ఎవరని. ఏదో పేరు చెప్పింది, ఏ ఊరో తెలియదంది, గొంతు కూడా ఎన్నడూ వినలేదంది. పని అయితే మా కన్నా చక్కగా, మా కన్నా తొందరగా సాగిపోతోంది, అందులో సందేహం లేదు.

నిన్న సాయంత్రం ఆమే నన్ను బజారుకు తీసుకుపోయింది. వెడల్పయిన రోడ్డు, దీపాలు, ఎంతమందైనా పక్కపక్కన నడవగలిగినంత చోటు. కొంతదూరం పోయాక ఆమె నవ్వుతూ, ఏందత్తమ్మా, నేను ఏ పక్కకు పోయినా తిరిగి తిరిగి నాకు కుడి పక్కకే వస్తవ్, అంది. అప్పటిదాకా నాకూ తెలియదు.